జెంటిల్ రిమైండరూ, మా బాబాయి డిస్పోజలూ

మా ఆఫీసులో ఎవరికైనా ఎవరిమీదైనా పీకలదాకా కోపం వస్తే అరవరు. జెంటిల్ రిమైండర్ పంపుతారు. అదీ అవతలివాడి పైఅధికారిని, ఆయన పైఅధికారిని కూడా సీసీలో పెట్టి మరీ. పక్క కుర్చీలో కూర్చుని, నా టిఫిన్ డబ్బాలోంచి వడియం తీసుకుని నములుతూనే పంపిస్తాడు మహానుభావుడు. 'ఈ మెయిల్ అందేసరికి మీరు క్షేమంగా ఉంటారని తలుస్తాను' అని ఇంగ్లీషులో మొదలుపెడతాడు. క్షేమంగా ఎలా ఉంటాను, నిన్నటి మెయిలు కూడా వాడిదే కదా!

ఆమధ్య నాలుగో అంతస్తు ఫ్రిజ్‌లో ఒకావిడ పులిహోర డబ్బా మాయమైంది. నాలుగో అంతస్తుకి రాయబోయి కంపెనీ మొత్తానికి రాసింది. పుణెకీ వెళ్లింది, డల్లాస్‌కీ వెళ్లింది. డల్లాస్ నుంచి ఒకాయన 'నన్ను ఈ లిస్టులోంచి తీసెయ్యండి' అని అందరికీ రాశాడు. 'నన్ను కూడా' అంటూ మరో పాతికముప్పై మంది, అందరికీ. 'దయచేసి ఎవరూ రిప్లై ఆల్ కొట్టకండి' అని ఒక వైస్ ప్రెసిడెంటు గారు, రిప్లై ఆల్ కొట్టి. ఇంతలో పుణె నుంచి ఎవరో పులిహోర అంటే ఏమిటని అడిగారు. ఇక చూస్కోండి, చింతపండుదా నిమ్మకాయదా అని సాయంత్రం దాకా నడిచింది. డబ్బా మాత్రం దొరకలేదు.

ఈ విద్యలో మేం మొదటివాళ్లమేం కాదు. 1997లో మైక్రోసాఫ్ట్‌లో, అంటే మెయిల్ సాఫ్ట్‌వేరు తయారుచేసి లోకానికి అమ్మేవాళ్ల ఇంట్లోనే, 'బెడ్‌లామ్ డీఎల్3' అనే లిస్టు ఒకటుండేది. అందులో దాదాపు 13,000 మంది ఉన్నారు. నన్ను తీసెయ్యండని ఒకరు రాయడం, నన్నూ నన్నూ అని మిగతావాళ్లు ఎత్తుకోవడం. కోటిన్నర మెయిళ్లు పుట్టుకొచ్చి సర్వర్లు చతికిలబడ్డాయి. వైద్యుడి ఇంట్లోనే అలా ఉంటే మా పులిహోర ఎంత.

అసలు మెయిళ్లు ఇలా గుట్టలు పడటానికి ముహూర్తం కూడా ఉంది. 2004 ఏప్రిల్ 1. అప్పటిదాకా హాట్‌మెయిల్ 2 ఎంబీ, యాహూ 4 ఎంబీ ఇచ్చేవి. అద్దె గదిలో సామాను సర్దుకున్నట్టు, కొత్తది రావాలంటే పాతది పారెయ్యాల్సిందే. ఆ రోజు జీమెయిల్ వచ్చి, ఒక జీబీ ఇస్తాం, ఇక దేన్నీ చెరపక్కర్లేదు అంది. ఏప్రిల్ ఫూల్ చేస్తున్నారని చాలామంది అనుకున్నారు. వాళ్లు అనుకున్నది తప్పు కాదు, కాస్త ముందుగా అనుకున్నారంతే. ఇప్పుడు నా ఫోనులో మెయిల్ బొమ్మ మీద ఎర్ర చుక్కలో అంకె పట్టక, చివర చుక్కలు పెట్టి ఊరుకుంటోంది.

ఇక మా బాబాయి సంగతి. కాకినాడ కలెక్టరేట్‌లో జూనియర్ అసిస్టెంటుగా చేరి, డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యాడు. ఆయన ఇన్‌బాక్సులో చదవని మెయిలు ఉండదు. చదివింది కూడా ఉండదు. మెర్లిన్ మాన్ అనే అమెరికా ఆయన 2007లో 'ఇన్‌బాక్స్ జీరో' అని గూగుల్ ఆఫీసులోనే ఉపన్యాసం ఇచ్చి పేరు తెచ్చుకున్నాడు. బాబాయి ఆయన పేరు వినలేదు. వినిపిస్తే, "ఏ సెక్షనురా?" అన్నాడు.

"టపాలు ఎన్నిసార్లు విప్పుతార్రా రోజుకి? పొద్దున ఒకసారి, సాయంత్రం డిస్పాచ్‌కి ముందు ఒకసారి. అంతే. మధ్యలో గంటకి పదిసార్లు టింగుమని మోగించేవాణ్ణి మా శిరస్తాదారైతే గేటు దగ్గరే ఆపేవాడు" అన్నాడు. ఆయన ఫోను మోగదు. పదకొండింటికి ఒకసారి, నాలుగింటికి ఒకసారి, కళ్లజోడు తుడుచుకుని, లాప్‌టాప్ తెరుస్తాడు. పక్కన పొడుగు రూళ్ల పుస్తకం. వరుస నంబరు, తేదీ, ఎవరి నుంచి, విషయం, తీసుకున్న చర్య. అదే ఆయన పర్సనల్ రిజిస్టరు. చర్య అక్కర్లేని మెయిలుకి నంబరు పడదు. నంబరు పడ్డదానికి చివరి గడి నిండేదాకా ఆయనకి నిద్ర పట్టదు. ఒకసారి విప్పిన కాగితాన్ని ఏమీ తేల్చకుండా మళ్లీ మడిచి పెట్టడం ఆయన దృష్టిలో ఎంగిలి చేసి గిన్నెలో వెయ్యడం.

ఇక్కడే అసలు కిటుకుంది. కలెక్టరేట్లలో పని అయిపోయిన ప్రతి కాగితానికీ ఒక ఆయుర్దాయం రాసేవారు. ఆర్.డిస్. అంటే శాశ్వతంగా దాచాలి. డి.డిస్. పదేళ్లు. కె.డిస్. మూడేళ్లు. ఎల్.డిస్. ఒక్క ఏడాది, ఆ తర్వాత చింపెయ్యడమే. బాబాయి జీమెయిల్లో ఇవే పేర్లతో లేబుళ్లు పెట్టుకున్నాడు. పెన్షన్ ఆర్డరు, ఇంటి దస్తావేజుల నకలు ఆర్.డిస్. ఇన్‌కమ్ టాక్స్ రిటర్ను డి.డిస్. కరెంటు బిల్లు ఎల్.డిస్. మా పెళ్లిరోజు ఫొటోలు పంపితే కె.డిస్.లో వేశాడు. నా భార్య ఆ మూడేళ్ల సంగతి ఇంకా మరిచిపోలేదు.

ఎన్.డిస్. అని ఇంకోటుంది. అంటే మన దగ్గర ఏమీ ఉంచుకోకుండా వచ్చిన కాగితాన్ని వచ్చినచోటికే తిప్పి పంపడం. రాజమండ్రిలో ఆయన పేరే ఉన్న కుర్రాడెవరో ఒక జిమ్ములో చేరి, ఈయన మెయిల్ ఐడీ ఇచ్చుకున్నాడు. ప్రతి నెలా 'మీ కండరాలు మీకోసం ఎదురుచూస్తున్నాయి' అని మెయిలు. మనమైతే విసుక్కుని వదిలేస్తాం, అది నెలనెలా వస్తూనే ఉంటుంది. బాబాయి జవాబు రాశాడు: 'పై విషయము ఈ కార్యాలయమునకు సంబంధించినది కానందున అసలు ప్రతిని ఇందుతో తిప్పి పంపడమైనది.' జిమ్మువాళ్లు భయపడిపోయి పేరు తీసేశారు. అన్‌సబ్‌స్క్రైబ్ మీట కింద చీమతలకాయంత అక్షరాల్లో ఉందని నేను చూపిస్తే, కారణం రాయకుండా డిస్పోజ్ చెయ్యడం పద్ధతి కాదన్నాడు.

ఆయన పంపే మెయిళ్లు ఇంకా ముచ్చటగా ఉంటాయి. 'విషయం: మీ పిన్ని మోకాలి నొప్పి – హైదరాబాదులో డాక్టరుకు చూపించుట – గురించి. సందర్భం: 1. మన ఫోను సంభాషణ, గత ఆదివారం.' కింద మూడే వాక్యాలు. నేనేం చెయ్యాలి, ఎప్పటిలోగా, రిపోర్టులు ఎక్కడున్నాయి. నవ్వుకుంటాం గానీ, మా ఆఫీసులో 'హాయ్' అని సబ్జెక్టు పెట్టి లోపల ఆరు పేరాల తర్వాత 'రేపటికి కావాలి' అని దాచేవాళ్లతో పోలిస్తే ఈయన రుషి. ఒక మెయిల్లో రెండు విషయాలు రాయడు. రాస్తే రెండోదాన్ని మనమే చంపినట్టు అంటాడు. కోపంతో రాసినది మటుకు ఆ పూట వెళ్లదు. చిత్తుప్రతిగా పిన్నికి పుటప్ అవుతుంది. ముప్ఫై ఏళ్లు ఆయన ఆఫీసు భాషతో కాపురం చేసిన మనిషి కదా, విశేషణాలన్నీ కొట్టేసి, 'సవరించిన ప్రకారం పంపవచ్చు' అంటుంది.

సీసీ గురించి అడిగితే పాత జీవో ఒకటి తీసి చూపించాడు. చివర ప్రతులు ఎవరెవరికో ఆ జాబితా, అడుగున ఎస్.ఎఫ్., ఎస్.సి. అంటే స్టాక్ ఫైలుకి ఒకటి, స్పేర్ కాపీలు కొన్ని. "నీ పేరు 'టు'లో లేకపోతే నువ్వు స్టాక్ ఫైలేరా. స్టాక్ ఫైలు ఎక్కడైనా లేచి జవాబు చెబుతుందా?"

ఆ మాటతో నాకు జ్ఞానోదయమైంది. నా పేరు సీసీలో మాత్రమే ఉన్న మెయిళ్లన్నీ వాటంతటవే 'స్టాక్ ఫైలు' అనే ఫోల్డర్లోకి పొయ్యేలా ఫిల్టరు పెట్టాను. శుక్రవారం సాయంత్రం టీ తాగుతూ ఒకసారి తిరగేస్తాను. చాలా గొడవలు అప్పటికే తమలో తాము తీరిపోయి ఉంటాయి. పులిహోర లాంటివి మళ్లీ లేస్తే మ్యూట్ కొడతాను. నోటిఫికేషన్లు ఆపేశాను. పదకొండు, నాలుగు. మొదట్లో మా మేనేజరు గారు రెండింటికి నా సీటు దగ్గరికొచ్చి, "మెయిల్ పంపాను, చూశావా?" అనేవారు. నాలుగింటికి చూస్తానండీ అంటే, ఆగలేక అక్కడే నిలబడి చెప్పేసేవారు. నాలుగు పేరాల మెయిలు నోటితో అర నిమిషం కూడా పట్టేది కాదు.

ఇది మా ఇంటి వింత అనుకోకండి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు 124 మందిని తీసుకుని, ఒక వారం రోజుకి మూడుసార్లే మెయిలు చూడమన్నారు, ఇంకో వారం ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు చూసుకోమన్నారు. మూడుసార్ల వారంలో వాళ్లకి ఒత్తిడి తగ్గింది. 2015లో అచ్చయింది ఆ పరిశోధన. బాబాయికి చదివి వినిపించాను. శ్రద్ధగా విని, "మూడోసారి ఎందుకట?" అన్నాడు.

అయితే ఈ పద్ధతిలో ఒక లోపం ఉంది, అది మెయిలు దగ్గర ఆగదు. కాకినాడ వెళ్లినప్పుడు చూశాను. కరివేపాకు తెమ్మని పిన్ని అడిగితే బాబాయి తలెత్తకుండా, "నాలుగింటికి టపాల్లో పెట్టు" అన్నాడు. పిన్ని ఏమీ అనలేదు. మూడున్నరకి ఆయనకి కాఫీ మీద మనసు పోయి వంటింటివైపు కేకేశాడు.

"సర్క్యులేషన్‌లో ఉంది" అంది పిన్ని.