నిర్ణయం నాన్నది, ఇంగ్లీషు నాది

ముప్పై రోజుల్లో ఇంగ్లీషు అన్న పాత హామీకి గిరాకీ తగ్గినట్టుంది. ఇప్పుడు భాష ఒక్కటే నేర్పితే చాలదు, దాంతోపాటు వ్యక్తిత్వం కూడా పొట్లం కట్టి ఇవ్వాలి. అందుకే అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల మేడమీది గదుల్లోనూ, అర నిమిషం రీల్స్‌లోనూ ఓ పాఠం ప్రత్యేకంగా చెబుతున్నారు: నిర్ణయాల గురించి ఇంగ్లీషులో మాట్లాడటం ఎలా? ‘ఐ వెయిడ్ ద ప్రోస్ అండ్ కాన్స్’ అనాలి. ‘ఐ వాజ్ ఇన్ టూ మైండ్స్’ అనాలి. ‘లెట్ మీ స్లీప్ ఆన్ ఇట్’ అనాలి. ఆఖర్న ‘ఐ వెంట్ విత్ మై గట్ ఫీలింగ్’ అని ముగిస్తే ఇంటర్వ్యూ చేసేవాడు కుర్చీలో ముందుకు జరుగుతాడట. ఈ మాటలన్నీ నోటికొస్తే నీలో డెసిషన్ మేకర్ పుడతాడని సారు భరోసా.

పుడతాడేమో. పుట్టి ఏం చేస్తాడన్నదే నా సందేహం.

ఆ క్లాసులో మూడో బెంచీ కుర్రాణ్ణి తీసుకోండి. పదో తరగతి ఫలితాలు రాకముందే కార్పొరేట్ కాలేజీ పీఆర్వో వాళ్ళింటికి వచ్చాడు. సోఫాలో కూర్చుని కాఫీ తాగి, ఫీజులో రాయితీ ప్రకటించి, అడ్వాన్సు పట్టుకెళ్ళాడు. కుర్రాడు ఆ టైములో గ్రౌండులో క్రికెట్ ఆడుతున్నాడు. ఇంటికి తిరిగొచ్చేసరికి ఎంపీసీ అయిపోయి ఉన్నాడు. తర్వాత ఎంసెట్. 1986 నుంచి మన పిల్లల జాతకాలు రాస్తున్న ఆ పరీక్షకు సర్కారు ఈఏపీసెట్ అని పేరు మార్చినా, ఇళ్ళల్లో అది ఎంసెట్టే. ర్యాంకు వచ్చాక వెబ్ ఆప్షన్లు. పేరు చూసి మోసపోకండి. కంప్యూటర్ ముందు కూర్చునేది బాబాయి. వెనక నిలబడి కాలేజీ కోడ్లు చదివేది నాన్న. సీఎస్ఈ తప్ప ఇంకోటి పెడితే ఊరుకోనని డాలస్ నుంచి వీడియో కాల్లో హెచ్చరించేది పెదనాన్న కొడుకు. కుర్రాడికీ ఓ పాత్ర ఉంది. ఓటీపీ చెప్పడం.

ఇలా పెరిగినవాడికి, విదేశీ చదువు కోసం రాసే ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్ పరీక్షలో చీటీ ఒకటి చేతికి రావచ్చు: నువ్వు తీసుకున్న ఒక ముఖ్యమైన నిర్ణయం గురించి చెప్పు, ఎలా తీసుకున్నావు, తర్వాత ఏమనిపించింది? ఆ పరీక్ష మొత్తం 11 నుంచి 14 నిమిషాలు. చీటీ చూశాక ఆలోచించుకోడానికి 1 నిమిషం, ఆపైన మాట్లాడటానికి 2 నిమిషాల దాకా. ఇన్నేళ్ళ జీవితంలో తగలనిది ఆ ఒక్క నిమిషంలో తగలాలి.

కోచింగ్ సెంటరు ఈ ఆపదను ముందే ఊహించి ఓ రెడీమేడ్ నిర్ణయం తయారుచేసి పెడుతుంది. ఒక పక్క మంచి జీతమున్న ఉద్యోగం, ఇంకో పక్క పై చదువు. నేను ప్రోస్, కాన్స్ తూచాను, ఓ రాత్రంతా స్లీప్ ఆన్ చేశాను, గట్ ఫీలింగ్ చెప్పినట్టు నడిచాను. బ్యాచి మొత్తానికి అదే ఉద్యోగం, అదే రాత్రి, అదే గట్టు. పరీక్షకుడు చూసేవి నాలుగు: ధారాళత, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ. ఆ నిర్ణయం నిజంగా నువ్వే తీసుకున్నావా అన్నది ఐదోది కాదు. ఇందులో పరీక్ష పెట్టేవాళ్ళను తప్పుపట్టను. కొలుస్తామన్నది భాషని, భాషనే కొలుస్తున్నారు. ఆ మార్కుల కాగితం చూపించి మీవాడు లీడరైపోయాడని తల్లిదండ్రులకు చెబుతున్నవాడు మన సారు. అన్నట్టు ఆ స్కోరు చెల్లేది 2 ఏళ్ళే. నాన్న మాటకు గడువు లేదు.

ఆడపిల్ల సంగతి ఇంకొంచెం ముచ్చటగా ఉంటుంది. పెళ్ళిచూపులకు వచ్చిన అబ్బాయితో పది నిమిషాలు మేడమీద మాట్లాడిస్తారు. కిందికి దిగగానే ‘నీ ఇష్టమేనమ్మా, బలవంతమేం లేదు’ అంటారు. అప్పటికే కింద హాల్లో లాంఛనాల దగ్గర్నుంచి ఫంక్షన్ హాలు దాకా మాట్లాడేసుకుని ఉంటారు.

ఇంగ్లీషు ముచ్చట ఒక గదిలో, నిర్ణయం మరో గదిలో. ఈ ఏర్పాటు మనకు కొత్త కాదు. 1897లో అచ్చయిన గురజాడ నాటకం కన్యాశుల్కంలో గిరీశం అప్పులవాళ్ళను తప్పించుకుని శిష్యుడు వెంకటేశం వెంట కృష్ణరాయపురం అగ్రహారం చేరతాడు. కొడుకు ఇంగ్లీషు వినాలని తల్లి వెంకమ్మ సరదాపడితే గురుశిష్యులు ఓ పిల్లల గేయం అప్పజెప్పి ఆమె కడుపు నింపుతారు. అదే కప్పు కింద, పసిపిల్ల సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకు కట్టబెట్టడానికి అగ్నిహోత్రావధాన్లు ఒక్కడే తీర్మానించేస్తాడు. వద్దన్న భార్య మాట చెవిన పెట్టడు. గురజాడ ఈ రెండు తంతులూ ఒకే ఇంట్లో పెట్టింది ఊరికే కాదని నా నమ్మకం. చివరికి ఆ పెళ్ళి తప్పించింది సుబ్బి మేనమామ కరటకశాస్త్రి ఎత్తు. తన శిష్యుడికి ఆడవేషం వేసి పెళ్ళికూతుర్ని చేసి పంపిన ఆ ఎత్తుకు గిరీశం చెప్పిన ఇంగ్లీషు చదువు రవ్వంత కూడా అక్కర్లేకపోయింది.

సరే, నిర్ణయించే అధికారం ఉన్నవాళ్ళయినా ఈ పలుకుబళ్ళను సద్వినియోగం చేస్తున్నారా? హైటెక్ సిటీలో ఏ మీటింగులోనైనా ఓ గంట కూర్చోండి. ‘లెట్స్ టేక్ ఇట్ ఆఫ్‌లైన్’ అంటే ఇక్కడ తేల్చం అని. ‘లెట్స్ సర్కిల్ బ్యాక్’ అంటే ఎక్కడా తేల్చం అని. ‘విల్ టేక్ ఎ కాల్’ అన్నాడంటే ఇక ఆ ఫోను మోగదు. సర్కారీ ఆఫీసులకు ఈ విద్య ఇంకా ముందే వచ్చింది. కింది గుమాస్తా ‘మే బీ అప్రూవ్డ్’ అని నోటు పెడితే పై అధికారి ‘ప్లీజ్ స్పీక్’ అని రాసి ఫైలు కిందికి దింపుతాడు. మాట్లాడాక ‘ఎగ్జామిన్ అండ్ పుటప్’ అంటాడు. ఎగ్జామిన్ చేసి పుటప్ చేసేలోగా ఆయనకు బదిలీ అవుతుంది. ఫైలు తెరిచి చూడండి, ప్రతి పేజీలోనూ నిర్ణయం గురించిన ఇంగ్లీషే ఉంటుంది. నిర్ణయం ఉండదు.

సారుకు నాదో చిన్న విన్నపం. రేపు క్లాసు అయ్యాక ఆ మూడో బెంచీ కుర్రాడికి ఓ హోంవర్కు ఇవ్వండి. ఇంటికెళ్ళి నాన్న ముందు నిలబడి ‘నాకు ఎమ్మెస్ వద్దు’ అనమనండి. మూడే మాటలు, అదీ తెలుగులో. ఒకవేళ ధైర్యం చేసి అన్నాడనుకోండి, జవాబు ‘ఎందుకు వద్దు’ అని రాదు. ‘ఎవడు చెప్పాడ్రా నీకీ మాట?’ అని వస్తుంది. వాడంతట వాడే అనుకుని ఉండొచ్చన్న ఆలోచన ఆ ఇంట్లో ఎవరికీ తట్టదు.

కనక కుర్రాడు అనడు. కన్సల్టెన్సీకి వెళతాడు. ఏ యూనివర్సిటీయో తేల్చేది కన్సల్టెన్సీ. అదే ఎందుకు నచ్చిందో వివరించే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ రాసిపెట్టేదీ కన్సల్టెన్సీయే. రెండో పేరాలో ‘ఆఫ్టర్ కేర్‌ఫుల్ కన్సిడరేషన్’ అని తప్పకుండా ఉంటుంది. అబద్ధమేం కాదు. తమకు ఏ యూనివర్సిటీ నుంచి కమిషన్ వస్తుందో, ఎక్కణ్ణుంచి రాదో వాళ్ళు కేర్‌ఫుల్‌గానే చూసుకుని ఉంటారు. నానక్‌రాంగూడ అమెరికా కాన్సులేట్ కిటికీ దగ్గర ‘ఈ యూనివర్సిటీయే ఎందుకు?’ అని అడిగితే, మనవాడు ఆ పేరా కళ్ళు మూసుకుని ఒప్పజెబుతాడు. అంతకు ముందు వారమే చిలుకూరు బాలాజీ గుడిలో 11 ప్రదక్షిణలు పూర్తయ్యాయి. వీసా వస్తే 108 చేస్తామని మొక్కు.

వీసా వచ్చింది. కుర్రాడికి ప్యాకింగు, ఫ్రెండ్స్‌కు పార్టీలు. నాన్నకు బ్యాంకు లోను పని. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. 108 ఎవరు తిరగాలన్న దానిమీద ఆ ఇంట్లో ఎవరూ ప్రోస్, కాన్స్ తూచలేదు. మీ అమ్మ తిరుగుతుందిలే అని నాన్న చెప్పేశాడు.