టెంక వాటా

మా ఇంట్లో బంగినపల్లి పండు కోసేటప్పుడు ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. పండుకి అటో చెక్క, ఇటో చెక్క, నడుమ టెంక. తినేవాళ్లం అన్నయ్య, నేను, అమ్మమ్మ. మొదట్లో కత్తి అన్నయ్య చేతిలో ఉండేది. వాడు కోసేవాడు, వాడే ముందు తీసుకునేవాడు. ఒక చెక్క పడవలా, ఇంకోటి తమలపాకులా వచ్చేది. తమలపాకు ఎవరిదో చెప్పక్కర్లేదు. నా ఏడుపు మైలవరం బస్టాండు దాకా వినపడేదని ఇప్పటికీ మా వీధిలో చెప్పుకుంటారు.

ఒకరోజు అమ్మమ్మ చట్టం చేసింది. "కోసినోళ్లు ఆఖర్న తీసుకోవాలి." అంతే. ఆ మర్నాటినుంచి మా అన్నయ్య కంసాలిలా కోయడం మొదలెట్టాడు. కత్తి పెట్టేముందు పండుని అటు తిప్పి, ఇటు తిప్పి, ఒక కన్ను మూసి చూసేవాడు. రెండు చెక్కలూ తూకం వేసినా తేడా రాదు.

ఇద్దరికైతే ఈ చట్టం లోకమంతా తెలిసిందే. ముగ్గురైతేనే చిక్కు. పోలండు గణితవేత్త హ్యూగో స్టైన్‌హౌస్ రెండో ప్రపంచయుద్ధ కాలంలో తలదాచుకుని బతుకుతూ ఈ చిక్కుముడి పట్టుకున్నాడు. ఆయన మిత్రులు బనాఖ్, క్నాస్టర్ ఎంతమందికైనా పనికొచ్చే పద్ధతి తీశారు. 1948లో అది అచ్చయింది. ఒకడు ముక్క కోస్తాడు. ఎక్కువనిపించినవాడు దాన్ని చెక్కి తగ్గించొచ్చు. ఆఖర్న ఎవడు చెక్కాడో ఆ ముక్క వాడిదే. కేకుకి బాగానే ఉంటుంది. మామిడిపండు మీద మేం ఒకసారి ప్రయోగించాం. ముక్క ఖరారయ్యేసరికి రసమంతా మోచేతుల మీద ఉంది, ముక్క మాత్రం కనపడలేదు.

మా ఇంట్లో ఆ చిక్కుని అమ్మమ్మ వేరే రకంగా విప్పింది. కత్తి తనే తీసుకుంది. తను కోసింది కాబట్టి తనది ఆఖరు. మేమిద్దరం చెక్కలు లాక్కుంటే ఆవిడకి టెంక మిగిలేది. "నాకు టెంక చాల్లేరా నాయనా" అనేది. ఆ త్యాగం తలుచుకుని హైస్కూల్లో నేను వ్యాసం కూడా రాశాను, మాస్టారు బాగుందన్నారు. నాకు పెళ్లయ్యాక గానీ, మా ఆవిడ పండు కోస్తుంటే పక్కన కూర్చుని గమనిస్తే గానీ, అసలు సంగతి బోధపడలేదు. అమ్మమ్మ కత్తిని టెంకకి దూరంగా దించేది. సగం కండ టెంకకే ఉండిపోయేది. పిల్లలకి టెంకంటే చిన్నచూపని ఆవిడకి తెలుసు. ఎదుటివాడికి ఏది ఇష్టమో తెలిసినవాడు కోస్తే, ఆఖర్న తీసుకున్నా లాభం వాడిదేనని గేమ్ థియరీ పుస్తకాల్లో చదివినప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఈసారి బస్టాండు దాకా వినపడలేదు.

రసాల గొడవ వేరు. చిన్నరసమైనా పెద్దరసమైనా కత్తికి లొంగదు, పిసికి జుర్రుకోవాల్సిందే. పండు మొత్తం ఒకడిదే. గంపలో నుంచి ఒకడి తర్వాత ఒకడు తీసుకోవాలి. ముందు తీసుకున్నవాడికి ప్రతి విడతా మంచి పండే దొరుకుతుంది గనక, అమ్మమ్మ లెక్క ఇదీ: ఒకటి అన్నయ్యకి, తర్వాత రెండు నాకు, మళ్లీ ఒకటి అన్నయ్యకి. వీధి క్రికెట్లో జట్లు పంచుకునే పిల్లలకి కూడా ఈ లెక్క తెలుసు. దీని మీద పెద్ద పెద్ద పేపర్లు రాసినవాళ్లున్నారు.

ఇంత చదువు ఉంది గనక, నాన్న పోయాక కాలువ చివర ఉన్న రెండెకరాలు నా వాటాకొచ్చినప్పుడు నేను భయపడలేదు.

కృష్ణా జిల్లా అనగానే చాలామంది కళ్లముందు డెల్టా వరిచేలు ఆడతాయి. మాది ఆ కృష్ణా కాదు. జగ్గయ్యపేట, నందిగామ, మైలవరం, తిరువూరు అంతా మెట్ట. పత్తి, మిర్చి, మొక్కజొన్న, మామిడితోటలు. 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా అయింది. జిల్లా పేరు మారింది గానీ కాలువ మీద మా చోటు మారలేదు. ఆ కాలువ నాగార్జునసాగర్ ఎడమ కాలువ. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నీళ్లు వదిలింది. లాల్ బహదూర్ కాలువ అని పేరు. ఆ నీళ్లు నల్లగొండ దాటి, ఖమ్మం దాటి, ఊరూరా పలకరించుకుంటూ, అలిసిపోయి మా దగ్గరికి వస్తాయి. వస్తే.

పైవాళ్లు పంచుకున్న తీరు కూడా మా ఇంటి పండులాగే ఉంటుంది. 1973లో బచావత్ ట్రిబ్యునల్ కృష్ణలో నమ్మకంగా దొరికేది 2060 టీఎంసీలని తేల్చి, మహారాష్ట్రకి 560, కర్ణాటకకి 700, ఆంధ్రప్రదేశ్‌కి 800 కోసి పెట్టింది. పైన తిరుగు జలాల కింద వచ్చేది కలిపితే మనది 811. తిరుగు జలాలంటే ఒకరి పొలానికి పెట్టగా ఊరి, జారి, మళ్లీ నదిలోకి వచ్చే నీళ్లు. అంటే ఒకరు చీకిన టెంకని కడిగి లెక్కలో వేయడం. రాష్ట్రం విడిపోయాక 2015లో ఆ 811ని తాత్కాలికంగా 512, 299గా మళ్లీ కోశారు. ఇంత కోతా అయ్యాక, మేజరు కాలువ నుంచి మైనరుకి, మైనరు తూము నుంచి పంటబోదెకి వచ్చేదాన్ని పంచుకోవడానికి నేనూ, గేమ్ థియరీ పుస్తకమూ మిగిలాం.

మా తూముకి వంతులున్నాయి. ఎకరాకి ఇన్ని నిమిషాలని. నా వంతు మంగళవారం రాత్రి పదకొండు నుంచి ఒంటిగంట దాకా. పంజాబు, హర్యానాల్లో దీన్నే వారబందీ అంటారు. చాలాకాలం 1873 నాటి కాలువల చట్టం కిందే ఆ వంతులు రాసేవాళ్లు. అక్కడ బోదె నిండటానికి పట్టే నిమిషాలు విడిగా లెక్కగట్టి రైతుకి కలిపి ఇస్తారు. రాత్రి వంతువాడికి పగలు, పగటివాడికి రాత్రి వచ్చేలా ఏటేటా పన్నెండు గంటలు జరుపుతారు కూడా. మా దగ్గర బోదె నిండే అరగంట మన ఖాతాలోంచే పోతుంది. రాత్రి వంతువాడు ముసలాడయ్యేదాకా రాత్రి వంతువాడే.

కిందటి రబీలో మొక్కజొన్న నాలుగో తడికి పోయాను. పార, టార్చిలైటు, ఫ్లాస్కులో టీ. ఎండిన బోదెలో నీళ్లు రావడం మీరు దగ్గర్నుంచి చూశారో లేదో. ముందు చప్పుడు వినపడుతుంది, ఎవరో కాగితం నలుపుతున్నట్టు. తర్వాత ఎండాకులు, పుల్లలు, మట్టి నురగ కలిసి ఒక చిన్న గోడలా కదిలి వస్తాయి. ఆ గోడకి జానెడు ముందు చీమలు గుడ్లు మోసుకుంటూ పరుగో పరుగు. నెర్రెలు నోళ్లు తెరుచుకుని గుడగుడమంటాయి. టార్చి వెలుగులో ఆ బుడగల్ని చూస్తూ కూర్చుంటే టీ తాగడం కూడా గుర్తురాదు.

పన్నెండున్నరకి గోడ ఆగిపోయింది. నీళ్లు పలచబడి, బోదె అడుగున పాములా సన్నగా మిగిలాయి. ఎగువకి నడిచాను. నా పైచేని గట్టు మీద ఒకాయన కండువా కప్పుకుని పడుకున్నాడు. ఆయన మడవ బార్లా తెరుచుకుని ఉంది.

"ఏంటన్నా, మడవ ఇటు తెగిందే?"

"ఎండ్రకాయ బొక్కేసింది తమ్ముడూ, ఇప్పుడే చూశా" అన్నాడు కళ్లు తెరవకుండానే.

మా కాలువ మీద ఎండ్రకాయలు చాలా క్రమశిక్షణ గలవి. రాత్రిపూటే పనిచేస్తాయి. అదీ కింది చేని వంతు రోజే. ఎప్పుడూ ఎగువ గట్టుకే బొక్క వేస్తాయి.

నేను ఆయన పక్కన కూర్చుని జాన్ నాష్ సంగతి ఎత్తాను. 1994లో నోబెల్ వచ్చిందనీ, ఆయన మీద సినిమా కూడా తీశారనీ చెప్పాను. "నేను తెరవకపోతే వాడు తెరుస్తాడని అందరూ అనుకుంటే అందరూ తెరుస్తారు, ఎవడికీ ఒంటరిగా మారడం గిట్టుబాటు కాదు, అదే నాష్ సమతౌల్యం అన్నా" అన్నాను. ఆయన లేచి కూర్చుని శ్రద్ధగా విన్నాడు. "అంటే నేను తెరవడం న్యాయమేనని నోబెల్ ఇచ్చారన్నమాట" అని, మళ్లీ పడుకున్నాడు.

ఒక మాట ఒప్పుకోవాలి. ఆ రాత్రి నా వంతు ఒంటిగంటకి అయిపోయింది. నా కింది చేను మా బాబాయ్‌ది. నేను మడవ మూసేసరికి ఒంటిగంటా ఇరవై అయింది. ఎండ్రకాయ.

మర్నాడు బాబాయ్‌కి ప్రాయశ్చిత్తంగా అమ్మమ్మ చట్టం గురించి చెప్పాను, దాని వెనకున్న గణితంతో సహా. ఆయన బీడీ నేలకి రాసి ఆర్పి, "అంతా బానే ఉంది గానీ అబ్బాయ్, కాలువకి కోసేది ఎగువోడు. ముందు తీసుకునేదీ ఎగువోడే. మీ అమ్మమ్మ చట్టం ఎవరికి చెప్తావు?" అన్నాడు. పుస్తకంలో ఆ పేజీ వెతికాను. లేదు.

మైలవరం వాళ్లకి పంపకాల గొడవ కొత్త కాదు. ఒకప్పుడు మైలవరం కంపెనీ అంటే నాటకాల లోకంలో చాలా పరపతి. తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాల్లో రాయబారం సీను వచ్చిందంటే మా తాతల కాలంలో జనం తెల్లారేదాకా కదిలేవాళ్లు కాదు. అలాంటి పంపకం బేరాన్నే ఆటగా మార్చి 1982లో జర్మన్ ఆర్థికవేత్తలు అల్టిమేటం గేమ్ అని ఒకటి పెట్టారు. కొంత డబ్బు ఒకడి చేతికిచ్చి, ఇంకొకడికి ఎంతో కొంత ఇవ్వమంటారు. రెండోవాడు ఒప్పుకుంటే ఇద్దరికీ దక్కుతుంది, వద్దంటే ఇద్దరికీ సున్నా. మరీ చిల్లర విసిరితే జనం నష్టపోయి అయినా వద్దనేస్తారని తేలింది. దుర్యోధనుడిది ఇంకో మెట్టు పైన. అయిదూళ్లు అడిగితే సూదిమొన మోపినంత కూడా ఇవ్వనన్నాడు. లెక్క తేలేసరికి పద్దెనిమిది అక్షౌహిణులు. మా బాబాయ్ అభిప్రాయం ఏమిటంటే దుర్యోధనుడు ఎగువ రైతు.

నీళ్లు లేక ఏడ్చే మా వైపు కొండల్లోనే బుడమేరు పుడుతుంది. 2024 సెప్టెంబరులో అదే బెజవాడ సింగ్‌నగర్ని ముంచింది. అప్పుడు వంతులు అడిగినవాడు లేడు.

ఉమ్మడి సొత్తు ఎవడికి వాడు దోచుకుని నాశనం చేస్తారని 1968లో గారెట్ హార్డిన్ రాశాడు. చదివితే మా మైనరు మీద నిలబడి రాసినట్టే ఉంటుంది. కాదు, జనం కూర్చుని మాట్లాడుకుంటే దారి దొరుకుతుందని ఎలినార్ ఆస్ట్రమ్ ఊళ్ల ఉదాహరణలతో చూపించింది. 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న తొలి మహిళ ఆవిడ. ఆవిడ రాసిన ఊళ్లలో స్పెయిన్‌లోని వలెన్సియా ఒకటి. అక్కడ ప్రతి గురువారం మధ్యాహ్నం చర్చి గుమ్మం ముందు రైతులే కూర్చుని నీళ్ల తగాదాలు నోటిమాట మీద తీర్చేస్తారు. మా దగ్గర టీ కొట్టు ముందు రోజూ కూర్చుంటాం. తీర్పు దాకా వచ్చేలోపు టీ అయిపోతుంది. 1997లో మన రాష్ట్రం చట్టం చేసి పదివేలకు పైగా నీటి సంఘాలకి ఎన్నికలు పెట్టింది. మా బాబాయ్ కూడా ఓటేశాడు. ఎవరికి వేశాడో ఇప్పటికీ చెప్పడు.

ఇన్ని చదివినా నాకు పనికొచ్చింది మాత్రం రాబర్ట్ వేడ్ 1988లో అచ్చేసిన పుస్తకం. ఆయన కర్నూలు జిల్లాలో కాలువ కింది ఊళ్లు తిరిగాడు. నీళ్లు పుష్కలంగా దొరికే ఎగువ ఊళ్లలో ఎవడి గొడవ వాడిది. కాలువ చివరి ఊళ్లలోనే జనం చేరి, ఊరుమ్మడిగా డబ్బులేసుకుని, నీరుగంటివాళ్లని పెట్టుకున్నారు. ఎవరి చేనుకి ఎప్పుడు ఎంత పెట్టాలో వాళ్లే చూస్తారు, రైతు పార పట్టుకోడు. కరువు దగ్గరైనచోటే కట్టుబాటు పుడుతుందని ఆయన తేల్చింది. ఆస్ట్రమ్ కూడా తన పుస్తకంలో ఆయన్ని తలుచుకుంది.

ఇది బాబాయ్‌కి చదివి వినిపిస్తే, "నీరుగంటి గురించి తెలుసుకోడానికి ఇంగ్లీషోళ్లు కర్నూలు రావాలా?" అని విసుక్కున్నాడు. కానీ ఆ సాయంత్రమే మా తూము కింద వాళ్లందర్నీ పోగేశాడు. ఎండ్రకాయ అన్న కూడా వచ్చాడు. గంటన్నర అరుచుకున్నాక ఎకరాకి ఇంతని వేసుకుని ఒక మనిషిని పెట్టాం. అతనికి మా కాలువ కింద సెంటు భూమి లేదు. బాబాయ్ ఒక షరతు పెట్టాడు, ఆఖరి చేను తడిశాకే కూలి చేతికివ్వాలని. నేను లోపల్లోపల అమ్మమ్మకి దండం పెట్టుకున్నాను.

ఒక కారు గడిచింది. మంగళవారం రాత్రుళ్లు నేను ఇంట్లో పడుకుంటున్నాను. ఆఖరి చేను మూడు తడులు పూర్తిగా, ఒకటి అరకొరగా తడిసింది. ఆ అరకొరకి మాత్రం నిజంగానే ఎండ్రకాయ కారణం. బాబాయ్ దాన్ని పట్టుకొచ్చి అందరికీ చూపించాడు, పులుసు కూడా పెట్టించాడు.

ఏప్రిల్ చివర్లో బంగినపల్లి కోతకొస్తుంది. అటుగా వస్తే మైలవరంలో మా ఇంటికి రండి. కత్తి మీ చేతికే ఇస్తాం.