నాలుగో పేజీ

గోదావరి జిల్లాల్లో మనిషిని పొమ్మనాలన్నా ముందు కుర్చీ వేస్తారు. మంచినీళ్లిస్తారు. ఆ తర్వాత కాఫీ. కప్పు కింద పెట్టేలోపు, మనకి కాదన్నారని మనమే తెలుసుకుని లేచి రావాలి. వాళ్లు మాత్రం ఆ మాట అనరు.

నిరుటి బదిలీల్లో మా మాస్టారు మారేడుమిల్లి కొండల నుంచి కాకినాడకి దిగాడు. ఏజెన్సీలో పనిచేసినవాళ్లకి కౌన్సెలింగులో పాయింట్లు ఎక్కువ. ఆ పాయింట్లు పోగేసుకోవడానికే ఏళ్లకేళ్లు మలేరియా జ్వరాలు పడ్డాడు. 2022లో జిల్లా ముక్కలై రంపచోడవరం వైపంతా అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి పోయినా, టీచర్ల బదిలీలు ఉమ్మడి తూర్పుగోదావరి లెక్కనే నడవడం ఆయన అదృష్టం.

మనిషిది కాకినాడే. ఉప్పుటేరు వంతెన దాటితే జగన్నాథపురం, అక్కడే పుట్టి పెరిగాడు. అన్నదమ్ముల పంపకాల్లో ఒక గది మిగిలింది. భార్య, ఎదిగిన ఇద్దరాడపిల్లలతో ఆ గదిలో కుదరదు. పైగా బడి ఊరికి ఇటువైపు. నాకు బండి ఉంది, సాయంత్రాలు ఖాళీ. అందుకని అద్దె ఇంటి వేటలో నేనూ తోడు వెళ్లాను.

గాంధీనగర్లో ఒకావిడ ఇల్లంతా చూపించి, పంపు తిప్పి నీళ్లు కూడా చూపించి, ఇంటిపేరు అడిగింది. భానుగుడి దగ్గర ఒకాయన, సొంతూరు ఇదేనని వినగానే మురిసిపోయి, "ఏ వీధండీ?" అన్నాడు. వీధి పేరు చెప్తే చాలు, ఇంటిపేరుతో పనిలేదు. కొండల్లో ఉన్నప్పుడు కొండరెడ్ల ఊళ్లో మొదటి రాత్రి ఎవరి వసారాలో పడుకున్నాడో తెల్లారేదాకా ఆయనకీ తెలీదట. వాళ్లూ అడగలేదట. ఆ సంగతి నాకు బండి మీద, వెనక నుంచి చెప్పాడు. మొహం చూడకుండా చెప్పడానికి అదే వీలనుకుంటాను.

రామారావుపేటలో ఇల్లు దొరికిందనే అనుకున్నాం. రెండంతస్తుల మేడ. గేటుకి పలక కట్టి ఉంది, ముత్యాల్లాంటి దస్తూరీ: "మేడమీద వాటా ఖాళీ." ఇంటాయన రిటైరైన తెలుగు లెక్చరరు. మేము పలక వంక చూస్తున్నామని గమనించి, "ఊళ్లో బోర్డులన్నీ చూశారా అండీ? 'కాళీ' అని రాస్తారు. ఒత్తు పెట్టడానికి ఏం రోగం? మనిషి రాసిన నాలుగు మాటల్లో ఒకటి తప్పైతే నాకు ఆ పూట అన్నం సయించదండి" అన్నారు.

హాల్లో గోడకి పెద్ద పటం. తెల్లటి తలపాగా, తెల్లటి గడ్డం. మాస్టారు చెప్పులు విప్పి, నేరుగా వెళ్లి దాని ముందు నిలబడ్డాడు.

"రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు కదండీ."

అంతే, ఇంటాయన ముఖం వెలిగిపోయింది. "ఈ రోజుల్లో గుర్తుపట్టేవాళ్లెవరండీ! మొన్నొక ఇంజినీరు కుర్రాడొచ్చి, మీ తాతగారా అని అడిగాడు." ఇక ఇద్దరూ కూర్చున్నారు. బందరులో పుట్టి, సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీ నుంచి ఇక్కడి పి.ఆర్. కాలేజీకి ప్రిన్సిపాలుగా రావడం, 1919 దాకా దాన్ని నడపడం, పిఠాపురం రాజావారు శిష్యుడిలా మాట వినడం. భార్య పోయాక మళ్లీ పెళ్లాడకపోవడం, ఆ తర్వాత తెల్లబట్టలు తప్ప కట్టకపోవడం. ఒకరు మొదలుపెడితే ఇంకొకరు పూర్తి చేస్తున్నారు. రెండుసార్లు కాఫీ వచ్చింది. కాజా వచ్చింది. తాపేశ్వరంది మడత కాజా, మనది గొట్టం కాజా అని, కాకినాడలో పుట్టినవాడికే ఆయన విడమరచి చెప్పారు. అద్దెలో వెయ్యి తగ్గించారు. అడ్వాన్సు వద్దన్నారు.

లేస్తుండగా, చాలా మామూలుగా, చెప్పుల కోసం వెతుకుతున్నప్పుడు అడిగారు.

"ఇంతకీ మీరేమిట్లండీ?"

"మాలలమండీ."

"ఆహా, చాలా సంతోషమండీ" అన్నారు. గేటు దాకా వచ్చి సాగనంపారు. మరునాడు నాకు ఫోను. వాళ్లబ్బాయి అమెరికా వదిలేసి వచ్చేస్తున్నాడట, మేడ వాడికే కావాలట, "మాస్టారికి మీరే కాస్త నచ్చజెప్పాలండీ, ఎంత విషయం ఉన్న మనిషండీ!" అన్నారు. వినాయక చవితికి మేడకి రంగులు వేయించారు. గేటు పలక చట్రానికి కూడా వార్నీషు పడింది. అబ్బాయి మాత్రం దిగలేదు.

మాస్టారికి ఏటిమొగ వైపు ఒక పడవల వడ్రంగి ఇల్లిచ్చాడు. మోటారు వేసినప్పుడు మర్చిపోకుండా కట్టమన్నాడు, అదొక్కటే షరతు.

సెప్టెంబరు ఆఖర్లో మళ్లీ రామారావుపేట నుంచి ఫోను. అక్టోబరు ఒకటి నాయుడుగారి పుట్టినరోజు. సభకి ఈ ఏడు ఆయనే అధ్యక్షులు. చూపు తగ్గింది, రాసుకునే ఓపిక లేదు. "ఆ రోజు మీతో వచ్చిన మాస్టారున్నారే, ఆయన చేత నాలుగు పేజీలు రాయించి పెట్టాలండీ. ఆయన కలం నుంచి వస్తే దాని అందమే వేరు."

ఈ సంగతి మాస్టారికి చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. విని నవ్వాడు. "రాస్తానండి" అన్నాడు.

రాశాడు. నేను టైపు కొట్టాను. నాయుడుగారు కూడా బదిలీ మీద వచ్చినట్టే ఈ ఊరికి వచ్చిన మాస్టారని ఎత్తుకున్నాడు. ఆడపిల్లల్ని మగపిల్లల సరసన కాలేజీ బెంచీల మీద కూర్చోబెట్టడం, భోగం మేళాలకి ఎదురు నిలవడం, పంచములన్న పేరుతో ఊరు దూరం పెట్టిన పిల్లల కోసం రాజావారి సాయంతో హాస్టలు, దిక్కులేని పిల్లలకి అనాథాలయం నడపడం, అన్నీ వరసగా వచ్చాయి. 1924లో సర్ బిరుదు, ఆ మరుసటేడు మద్రాసు విశ్వవిద్యాలయం వైస్ చాన్సలరు గిరీ. అంతటి పదవి చేసినవాడు తిరిగి ఈ చిన్న ఊరికే వచ్చి, 1939లో ఇక్కడే కన్నుమూశాడనడంతో మూడో పేజీ అయిపోయింది. నాలుగో పేజీలో మూడు నాలుగు వాక్యాలే. వాటిని కొడుతూ ఒకసారి ఆయన వంక చూశాను.

"కొట్టండి గురూగారూ" అన్నాడు.

సభ బాగా జరిగింది. ఇంటాయన గొంతు తగ్గలేదు, చదవడంలో అనుభవం మామూలుది కాదు. హాస్టలు సంగతి దగ్గర కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ముందు వరసలో ఇద్దరు ముగ్గురు కూడా తుడుచుకున్నారు. మూడో పేజీ చివర గొంతు దించి, నమస్కారం పెట్టి కూర్చున్నారు. చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది.

దిగివచ్చి నేరుగా మా దగ్గరికే వచ్చారు. మాస్టారి రెండు చేతులూ పట్టుకున్నారు.

"సరస్వతీ కటాక్షమండీ మీది. ఆఖరి పేజీ ఒక్కటే టైము చాలక వదిలేయాల్సి వచ్చింది. నిజం చెప్పొద్దూ, మూడింటికే సరిపోతుందని దాన్ని తెరిచి చూడనేలేదు. ఈ ఫైలు మీ దగ్గరే ఉంచండి, వచ్చే ఏటికి ఇంకాస్త పెంచి రాద్దురుగాని."

బయట బండి దగ్గర, వీధిదీపం కింద మాస్టారు ఫైలు తెరిచాడు. మొదటి మూడు పేజీల్లో ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు పెంచాలో పెన్సిలు గీతలున్నాయి. నాలుగోది తీసి, తను చూసి, నాకు అందించాడు.

"ఇన్ని మాటలు చెప్పి ఊరుకుంటే ఆయన పటానికి దండ వేసే అర్హత నాకు లేదు. రామారావుపేటలో మా మేడమీద వాటా కాళీగా ఉంది. కులం అడగను. ముందుగా వచ్చినవారికి తాళం చెవి ఈ సభలోనే ఇస్తాను."

హడావుడిలో నేను కొట్టిన 'కా'ని నీటుగా కొట్టేసి, పైన ఎర్రసిరాతో, ముత్యంలాంటి దస్తూరీలో, 'ఖా' అని దిద్ది ఉంది.