పట్టూ విడుపూ

మనిషి వేళ్లలో వేలిని మడిచే కండ లేదు. నమ్మకం కుదరకపోతే ఎడమ అరచేతిని కుడి ముంజేతి మీద, మోచేతికి కాస్త దిగువన ఆనించి, కుడిచేతి వేళ్లు ఒక్కొక్కటే మడిచి చూడండి. చర్మం కింద ఏదో కదులుతుంది. అది నేనే. మోచేతి లోపలి వైపు ఎముక మొన దగ్గర మొదలై, ముంజేతి దిగువకు వచ్చేసరికి నాలుగు తెల్లటి టెండాన్లుగా చీలి, మణికట్టులోని ఇరుకు దారిలోంచి దూరి, బొటనవేలు కాక మిగతా నాలుగు వేళ్ల నడిమి ఎముకలకు అతుక్కుంటాను. నా అడుగున ఇంకో కండరం ఉంది. అది వేలి కొసల దాకా వెళుతుంది. పిడికిలి బిగిసిందంటే మా ఇద్దరి పనే.

నేనున్న చెయ్యి దివిసీమది. నాగాయలంకకు దిగువన, సముద్రం పక్కనున్న పల్లెలో 1967లో పుట్టాడు మావాడు. నేను అంతకు ముందే, వాళ్ల అమ్మ కడుపులోనే తయారయ్యాను. చిన్న చిన్న కణాలు బారులు తీరి, ఒకదానిలో ఒకటి కలిసిపోయి పొడవాటి తంతువులయ్యాయి. అందుకే నా తంతువు ఒక్కోదానిలో వందలకొద్దీ కేంద్రకాలుంటాయి. తంతువులు ఎన్ని ఉండాలో పుట్టేనాటికే దాదాపు తేలిపోయింది. తర్వాత మావాడు ఎదిగాడంటే, అవే తంతువులు పొడుగై లావెక్కాయన్నమాట.

తంతువును మైక్రోస్కోపు కింద పెడితే అడ్డచారలు కనిపిస్తాయి. ఆ చారల మధ్య గదిని సార్కోమియర్ అంటారు. మిల్లీమీటరు పొడవులో సుమారు 400 గదులు. ప్రతి గదిలోనూ లావుపాటి మయోసిన్ పోగులు, వాటి మధ్యకు జొరబడిన సన్నటి ఆక్టిన్ పోగులు. నేను కుంచించుకున్నప్పుడు ఈ పోగులేవీ పొట్టివి కావు, ఒకదాని పక్కనుంచి ఇంకొకటి జరుగుతాయంతే. ఆ సంగతి 1954లో తేల్చిన రెండు బృందాల్లో ఒకదానికి ఆండ్రూ హక్స్‌లీ, రెండోదానికి హ్యూ హక్స్‌లీ పెద్దలు. ఇంటిపేరు ఒకటే కానీ చుట్టరికం లేదు.

పోగులు ఎలా జరుగుతాయో తెలియాలంటే అలివి వల లాగేచోటికి రావాలి. వల సముద్రంలో ఉంటుంది, రెండు వైపుల తాళ్లు ఒడ్డున ఉంటాయి. తాటి వెంట మనుషులు వరసగా నిలబడి లాగుతారు. ఒకడు పట్టి లాగి, వదిలి, చెయ్యి ముందుకు చాచి మళ్లీ పట్టుకుంటాడు. వాడు వదిలిన క్షణంలో పక్కవాడి పట్టు బిగిసే ఉంటుంది. మయోసిన్ పోగు నిండా తలకాయలుంటాయి. అవీ ఇదే చేస్తాయి: ఆక్టిన్‌ను పట్టుకుని, వంగి, వదిలి, ఇంకాస్త ముందు పట్టుకుంటాయి. ఒక్కో లాగుడుకు కదిలేది మిల్లీమీటరులో లక్షో వంతు. ఏడెనిమిదేళ్లప్పుడే మావాడు ఆ తాటి చివర చేరాడు. "అందరూ ఒక్కసారే వదలకండ్రా, తాడు జారిపోద్ది" అని పెద్దాళ్లు అరుస్తుండేవాళ్లు.

1977 నవంబర్ 19, శనివారం. ఆ రోజు వచ్చిన ఉప్పెన గురించి దివిసీమలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. ప్రభుత్వ లెక్కల్లోనే దాదాపు 10 వేల మంది పోయారు. నీళ్లు ఇంటి చూరు దాటుతుంటే నాన్న మావాణ్ణి తాటిచెట్టు మీదకు ఎగదోసి, తన పంచెతో నడుము దగ్గర మానుకు కట్టేశాడు. వాణ్ణి నిలబెట్టిన ఘనత సగం ఆ పంచెది. మిగతా సగం నాదీ, నా తోటి కండరాలదీ.

ఆ రాత్రి నా లోపల జరిగింది చెబుతాను. నాలో నిల్వ ఉండే ఇంధనం, ఏటీపీ, రెండు మూడు సెకన్లకు మించి రాదు. వెంటనే ఫాస్ఫోక్రియాటిన్ దాన్ని తిరిగి నింపుతుంది, పది సెకన్ల దాకా. ఆ తర్వాత నాలో దాచుకున్న గ్లైకోజన్, రక్తంలో వచ్చే చక్కెర, ప్రాణవాయువు, ఇవే దిక్కు. కానీ పిడికిలి గట్టిగా బిగిస్తే నాలోని రక్తనాళాలే నలిగిపోతాయి. అందుకని తంతువులన్నీ ఒకేసారి బిగుసుకోలేదు. కొన్ని అలిసి సడలుతుంటే కొన్ని అందుకున్నాయి. చలికి ఒళ్లంతా వణికింది. ఆ వణుకు మా పనే. మేము ఖర్చుపెట్టే శక్తిలో నాలుగింట మూడొంతులు వేడిగానే పోతుంది. మామూలు రోజుల్లో అది దుబారాలా కనిపిస్తుంది, ఆ రాత్రి పదేళ్ల పిల్లాడి ఒంట్లో ప్రాణం నిలిపింది.

తెల్లారింది. నాన్న లేడు. ఎవరో పైకెక్కి, పంచె ముడి విప్పి, కిందికి దిగమంటే మావాడి వేళ్లు విచ్చుకోలేదు. ఒక్కో వేలూ వాళ్లే విడదీయాల్సి వచ్చింది.

దీన్ని పట్టుదల అని తర్వాత చాలామంది అన్నారు. నా వైపు నుంచి నిజం వేరు. నేను లాగగలను గానీ తొయ్యలేను, ఏ కండరమూ తొయ్యలేదు. వేళ్లు తెరుచుకోవాలంటే నేను సడలాలి, ముంజేతి వెనకనున్న కండరం లాగాలి. ఆ పొద్దున దానికీ శక్తి లేదు, నాకూ లేదు. మయోసిన్ తలకాయ ఆక్టిన్‌ను వదలాలంటే కొత్త ఏటీపీ వచ్చి దానికి అంటుకోవాలి. బిగుసుకోమని నాలోకి విడుదలైన కాల్షియాన్ని తిరిగి దాని సంచుల్లోకి తోడాలన్నా ఏటీపీయే కావాలి. పట్టుకోవడానికి ఎంత అవసరమో వదలడానికీ అంతే. చనిపోయిన మనిషి ఒళ్లు కొయ్యబారేది ఇందుకే: బలం వచ్చి కాదు, వదిలించే ఏటీపీ అయిపోయి. ఉప్పెన తర్వాత అలా బిగుసుకున్న చేతులు దివిసీమ చాలా చూసింది. మావాడివి మళ్లీ విచ్చుకున్నాయి.

ఈ ఏటీపీని కండరంలోంచి వేరుచేసి గుర్తించినవాళ్లలో ఒకడు మా పక్కవాడే. ఉప్పుటేరుకు అవతల, భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని కండరంలో చూపించారు. అదే 1929లో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని కనుక్కున్నాడు. సుబ్బారావు పేరు మందుల దగ్గర తలుచుకుంటారు గానీ కండ దగ్గర ఎవరూ తలవరు. నా తంతువు తంతువులో ఆయన చూపించిన పదార్థమే కాలుతోంది. నేనైనా చెప్పాలి కదా.

పదహారేళ్లకు మావాడు బందరు పక్కన పెడన చేరాడు, కలంకారీ అద్దకానికి. తాడు లాగే పనికీ దీనికీ పోలికే లేదు. గోనె పరిచిన బల్ల మీద కరక్కాయ నీళ్లలో తడిపి ఆరేసిన గుడ్డ ఉంటుంది. తుప్పుపట్టిన ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నలుపులో టేకు అచ్చు ఆనించి, పైకెత్తి, వెనకటి ముద్ర అంచుకు కొత్త ముద్ర అంచు వెంట్రుకవాసి తేడా లేకుండా దించాలి. దించాక పిడికిలితో ఒక్క గుద్దు.

దించడం ఒక విద్య, గుద్దడం ఇంకొకటి, రెండూ నావే. వెన్నుపాము నుంచి వచ్చే నరపు పోగు ఒక్కోటి నా తంతువుల్లో కొన్నిటిని ఏలుతుంది. చిన్న పోగుల కింద కాసిని తంతువులు. అవి నెమ్మదైనవి, త్వరగా అలవవు. పెద్ద పోగుల కింద వందలకొద్దీ తంతువులు. అవి వేగమైనవి, తొందరగా డీలా పడతాయి. పిలుపు ఎప్పుడూ చిన్నవాటితోనే మొదలవుతుంది. అచ్చు గాల్లో ఆగి అంచు వెతుక్కుంటున్నప్పుడు పలికేవి అవే. ఇంకా బలం కావాలంటేనే పెద్దవి వస్తాయి. పెడనలో మొదటేడు మావాడి ముద్రలు పక్కకు జరిగేవి. నాలో కండ పెరగకముందే నరాలు కుదురుకున్నాయి, ముద్ర నిలబడింది.

2018 వానాకాలం దివిసీమలో పాముకాట్లు ఎక్కువయ్యాయి. మావాడి బావమరిదిని పొలంగట్టు మీద నాగుపాము కరిచింది. ముందు కనురెప్పలు వాలాయి, తర్వాత మాట ముద్దయింది, తర్వాత ఊపిరి. ఊపిరి లాగే డయాఫ్రం కూడా నా జాతిదే. నరం కొసకూ కండరానికీ మధ్య సన్నటి సందు ఉంటుంది. నరం అక్కడ ఎసిటైల్‌కోలిన్ వదులుతుంది, అది నా పొర మీది గ్రాహకాన్ని తాకితేనే కాల్షియం బయటికొచ్చి పోగులు కదులుతాయి. నాగుపాము విషం ఆ గ్రాహకాల మీద కూర్చుంటుంది. ఆసుపత్రిలో విరుగుడు సూది పడి, యంత్రం ఊపిరి పోస్తుంటే మావాడు అతని చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. ఆ చేతిలోనూ నాలాంటి కండరమే ఉంది. ఏటీపీ ఉంది, కాల్షియం ఉంది, పోగులు చెక్కుచెదరలేదు. కబురు అందడం లేదు, అంతే. చాలాసేపటికి చూపుడువేలు కదిలింది. ఆ కదలికను మా వేళ్ల మీదుగా అందరికంటే ముందు అందుకున్నది నేనే.

ఇప్పుడు మావాడు అరవైకి దగ్గర పడ్డాడు. నాకు వచ్చే నరపు పోగుల్లో కొన్ని చచ్చిపోతున్నాయి. వాటి కింది తంతువులు దిక్కులేనివై ఎండిపోవాలి. కానీ పక్క నరం కొత్త చిగురు వేసి వాటిలో కొన్నిటిని తన కిందికి తెచ్చుకుంటుంది. అలా బతికిన తంతువులు నాలో చాలానే ఉన్నాయి. బలం చాలావరకు నిలిచింది గానీ, ఒక్క నరం కింద ఇంతమంది చేరాక సన్నటి పని మునుపటంత సన్నగా రావడం లేదు. అందుకే అంచు అచ్చులు ఇప్పుడు కూతురు వేస్తుంది. మావాడు కాలవ దగ్గర అద్దకపు గుడ్డలు జాడించి పిండుతున్నాడు. తడిసిన దుప్పటి బరువుకు నాలోని పెద్ద తంతువులకు కూడా మళ్లీ పిలుపొస్తోంది. పని పెట్టినంత కాలం మేము ఏ వయసులోనైనా లావెక్కగలం.