ఫిల్టర్ బాబాయ్

విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల కొట్టు ముందు ఆయన స్కూటర్ ఆగగానే కుర్రాడు అడిగే మొదటి ప్రశ్న: "బాబాయ్ గారూ, బిగించడానికా, కొయ్యడానికా?"

ఇలాంటి బాబాయ్ మీ వీధిలోనూ ఉండే ఉంటాడు. బ్యాంకులోనో ఇరిగేషన్‌లోనో చేసి రిటైరై ఉంటాడు. కారు నెలకోసారి దుర్గమ్మ గుడిదాకా వెళ్ళొస్తుంది, అంతే. దాని ఆయిల్ ఫిల్టర్ దగ్గర మాత్రం డబ్బా మీద రాసింది నమ్మడు, మెకానిక్‌ని అసలే నమ్మడు. నాలుగు కంపెనీలవి తెచ్చి, డాబా మీద పాత పేపరు పరిచి, వరసగా కోస్తాడు.

ఆ కోతకీ ఓ మడి ఉంది. హాక్సా బ్లేడు ముట్టుకోకూడదు. వాడి తీసిన ఫిల్టరైతే మరీను. ఇనప రజను లోపల పడితే అది ఇంజిన్ అరిగి రాలిందో, రంపం రాల్చిందో తేలదు. పైపు కట్టర్‌లాంటి దాన్ని అంచు చుట్టూ తిప్పి మూత ఊడదీస్తాడు. ఇక పురాణం మొదలు.

"ఇది చూడరా అబ్బాయ్" అని రబ్బరు పొర సాగదీస్తాడు. ఇంజిన్ ఆపాక ఫిల్టర్‌లోని ఆయిల్ వెనక్కి జారకుండా ఆపేది అదే. అది గట్టిపడిందా, పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఆయిల్ అందేదాకా ఇంజిన్ టకటకలాడుతుంది. నల్లదైతే సాధారణంగా నైట్రైల్, నారింజరంగుదైతే సిలికోన్. వేడికి సిలికోనే ఎక్కువకాలం మెత్తగా ఉంటుంది. నారింజరంగు కనబడితే ఆయన మొహంలో పెళ్ళికళ వచ్చేస్తుంది. తర్వాత ఆయిల్ వడకట్టే కాయితం రెండు చివర్లా ఉండే మూతలు. ఒక కంపెనీ రేకు పెడుతుంది, ఇంకోటి అట్ట పెడుతుంది. ఆ అట్టని గోటితో గీరి, చేసినవాడి ఏడుతరాల్నీ తలుచుకుంటాడు. జిగురు బాగా అంటితే అట్ట కూడా పనిచేస్తుందిగా అన్నవాడితో వారం మాటల్లేవు.

ఆఖర్న బైపాస్ వాల్వు. "కాయితం మూసుకుపోతే ఇది తెరుచుకుని, వడకట్టని ఆయిల్‌నే పంపేస్తుంది. మురికి ఆయిలైనా ఫర్లేదు, ఏదీ అందకపోతే మాత్రం ఇంజిన్ బతకదు!" ఆ ముక్క వంటింట్లోకి వినబడేలా అంటాడు. ఆ వేళ కాఫీ ఆలస్యమైందన్నమాట.

అప్పుడు మడతల లెక్క. చీర కుచ్చిళ్ళలా ఉన్న కాయితాన్ని విప్పి, పిన్ని కుట్టుమిషన్ టేపుతో కొలుస్తాడు. "ముప్ఫయ్యేళ్ళ కాపురంలో నా కుచ్చిళ్ళు ఓసారి పట్టుకోమంటే చేతకాదన్నారు. వీటినైతే రెండేసిసార్లు లెక్కపెడతారు" అంటుంది పిన్ని.

నిజానికి అసలు సంగతి కంటికి ఆనేది కాదు. తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఫిల్టర్ పట్టాల్సింది 20, 30 మైక్రాన్ల నలుసుల్ని. ఎంత పడుతుందో ల్యాబులో తేలాలి గానీ గోటితో, టేపుతో తేలదు. ఇది ఆయనకి మనకంటే బాగా తెలుసు. 1923లో అమెరికాలో స్వీట్‌లాండ్ అనే అతను తన జతగాడితో కలిసి కార్లకి ఆయిల్ ఫిల్టర్ ఎలా తెచ్చాడో పెళ్ళిపందిట్లో సాంబారు వచ్చేలోపు చెప్పేయగలడు. అన్నీ తెలిసే కోస్తాడు.

ఆయన బాధల్లా ఒకటే. కోసి చూస్తే గానీ నమ్మకం కుదరదు, కోసింది బిగించడానికి పనికిరాదు. అందుకని జంటగా కొంటాడు, ఒకటి కోతకి, ఒకటి కారుకి. కోసింది బ్రహ్మాండంగా ఉంటే, మిగిలింది నాసిరకమేమోనని అనుమానం. దాన్నీ కోస్తాడు. అదీ బ్రహ్మాండమే. మళ్ళీ ఆటోనగర్.

మొన్న కొడుకు కొత్తకారు కొన్నాడు. దాని ఫిల్టర్‌కి రేకు డబ్బా లేదు, ఇంజిన్‌కే ఉన్న గూట్లో దింపే ఒట్టి కాయితపు చుట్ట. మడతలన్నీ పైకే కనిపిస్తున్నాయి. కొయ్యకుండానే లెక్కపెట్టుకుని, దాన్నే బిగించుకోవచ్చు. బాబాయ్‌కి ఇన్నాళ్ళకి మనశ్శాంతి దొరికిందనుకున్నాం. ఆయన దాన్ని వెలుతురుకి పట్టి, అటూ ఇటూ తిప్పి, మొహం చిట్లించాడు.

"ఇంత బాహాటంగా పెట్టాడంటే, ఏదో దాస్తున్నాడురా!"