గా పార్టోళ్లందరు గంతే!

సర్పంచ్ ఎన్నికల్లో పార్టీ గుర్తుల్లేవు. ఉంగరం, కత్తెర లాంటివే. అయినా మహేశ్వరం చాయ్ హోటళ్లలో లెక్క పక్కాగా తేలిపోయింది: ఉంగరానికి గుద్దినోళ్లందరు ఒక పార్టీ, కత్తెరకు గుద్దినోళ్లందరు ఇంకో పార్టీ. ఎదురు బల్ల మీది పెద్దమనిషి చాయ్‌ని సాసర్‌లోకి వంచుకుని, ఊదుకుని, తీర్పు చెప్పేశాడు: "గా పార్టోళ్లందరు దొంగలే!" సాక్షుల్లేరు, వాయిదాల్లేవు. హైకోర్టు చూసి నేర్చుకోవాలి.

సరే, ఆ 'అందరు' ఎవరో పట్టుకుందాం. మహేశ్వరం నియోజకవర్గానికి 2009లో తొలి ఎన్నిక. సబితా ఇంద్రారెడ్డి గెలిచారు, కాంగ్రెస్. 2014లో తీగల కృష్ణారెడ్డి, తెలుగుదేశం. ఆ తర్వాత ఆయన టీఆర్ఎస్. 2018లో ఆయన మీద మళ్లీ సబిత, కాంగ్రెస్ నుంచే. మరుసటి ఏడాది ఆమె కూడా టీఆర్ఎస్, పైగా విద్యాశాఖ మంత్రి. 2023లో ఆమె పేరు మారిన అదే పార్టీ, బీఆర్ఎస్ నుంచి గెలిస్తే, 2024లో ఆయన కాంగ్రెస్‌లో చేరారు. ఇప్పుడు చెప్పన్నా, దొంగలు ఏ పార్టీలో ఉన్నట్టు? ఏ నెల నుంచి ఏ నెల దాకా?

మహేశ్వరం కూడా ఉన్న చేవెళ్ల లోక్‌సభ సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. 2019లో కొండా విశ్వేశ్వర్ రెడ్డి కాంగ్రెస్, రంజిత్ రెడ్డి టీఆర్ఎస్. 2024లోనూ ఆ ఇద్దరే తలపడ్డారు. కాకపోతే ఈసారి రంజిత్ రెడ్డి కాంగ్రెస్, విశ్వేశ్వర్ రెడ్డి బీజేపీ. 2019లో 'కాంగ్రెసోళ్లందరు' అని తిట్టిన కార్యకర్త నాయకుడి వెంట నడిచాడంటే 2024లో ఆ 'అందరి'లో తనే ఉన్నాడు. పాపం, ఆ తిట్టు ఎవరికి వాపసు ఇచ్చాడో!

సెటిలర్లందరు అంతే, పోరగాళ్లందరు అంతే. ఈ తీర్పులు చాయ్‌తో పాటు ఉచితం.

నాకు మండేది ఇక్కడ. నాయకుడు కండువా మారిస్తే 'నియోజకవర్గ అభివృద్ధి కోసం'. ఓటరు మనసు మార్చుకుంటే 'అమ్ముడుపోయిండు'! ఫార్మాసిటీకి భూమి పోయిన రైతు పరిహారం అడిగితే ప్రతిపక్షం మనిషి. ఫ్యూచర్ సిటీ వస్తే మంచిదే అన్నవాడు రియల్ ఎస్టేట్ బ్రోకర్. ఉచిత బస్సు బాగుందంటూనే రైతు భరోసా పడలేదని తిట్టే ఆడమనిషిని ఎక్కడ వేస్తారు? ఆమెకు మీ లెక్కలో గడే లేదు. మనిషి నోరు తెరవకముందే కండువా కప్పేసి, ఆ కండువాతోనే మాట్లాడుతున్నారు. సిగ్గుండాలి.

పైగా 'అందరు' అనే ఈ మాటతో దొంగకొచ్చే నష్టమేమీ లేదు. 'అందరు తిన్నరు' అంటే నిజంగా తిన్నవాడు ఆ గుంపులో హాయిగా కలిసిపోతాడు. వాడికి ఇంతకన్నా మంచి వకీలు దొరకడు, అదీ ఫీజు లేకుండా. ఫలానా ఊళ్లో ఫలానా సీసీ రోడ్డు బిల్లు ఫలానావాడు మింగాడంటావా? కాగితం పట్టుకురా, ఎంపీడీవో ఆఫీసుకు నీ వెంట నేనూ వస్తా. 'అందరు' అంటే మాత్రం, పిటిషన్‌లో ఎవరి పేరు రాయమంటావు?