సర్‌నేమ్ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: సర్‌నేమ్. గివెన్ నేమ్. పొడి అక్షరాలు చెల్లవు.

అవతారిక: పాస్‌పోర్టు దరఖాస్తు అనెడి యీ గ్రంథము 1967 నాటి చట్టమును, 1980 నాటి నియమములను ఆశ్రయించి వెలసినది. కర్త సర్కారువారు, ఫలశ్రుతి విదేశయానము. ఇందులో కాండలు చాలానే ఉన్నాయి గానీ చిరునామా కాండకూ, పోలీసు విచారణ కాండకూ, 1500 రూపాయల రుసుము కాండకూ టీక అక్కర్లేదు, ఓపిక చాలు. గోదావరి జిల్లాలవాళ్లు తడబడేది పై మూడు మాటల దగ్గరే. అమలాపురమైనా అత్తిలైనా నెట్ సెంటర్లో కుర్చీ లాక్కుని కూర్చోగానే కంప్యూటర్ ముందున్న కుర్రాడు అడిగేది ఒకటే: ‘లాస్ట్ నేమ్ ఏం పెట్టమంటారండీ?’ అని. ఆ గడి మీద ‘లాస్ట్’ అన్న మాటే లేదు. మూలంలో లేని పదాన్ని వ్యాఖ్యాత తెచ్చి కలుపుకోవడాన్ని అధ్యాహారం అంటారు. కావ్యాల్లో అది అన్వయానికి సాయపడుతుంది. ఇక్కడ మాత్రం ఆ ఒక్క అధ్యాహారం డెల్టాలో ఎన్నో ఇళ్ల పేర్లని గల్లంతు చేసిందని ఈ టీక వాదం.

ప్రతిపదార్థం చూద్దాం. సర్ = పైన, నేమ్ = పేరు; వెరసి పైపేరు. ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి దిగిన ఈ మాటలో ‘చివర’ అన్న అర్థం లేశమైనా లేదు. పాస్‌పోర్టు పుస్తకంలో అదే మాటకి హిందీలో ‘ఉపనామ్’ అని ఉంటుంది. ఒక భాషలో పైకెక్కి కూర్చున్నది ఇంకో భాషలో ఉపసర్పంచిలా పక్కకి జరిగింది. మూడో భాషకి, అంటే మనకి, ఆ పేజీలో చోటు లేదు కాబట్టి మన అన్వయం మనమే చేసుకోవాలి. దానికి ఆధారం రెండో పదంలో ఉంది. గివెన్ నేమ్, అంటే ఇచ్చిన పేరు. ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు? బారసాలనాడు పళ్లెంలో బియ్యం పరిచి, తండ్రి బంగారపుటుంగరంతో గీసి ఇచ్చాడు. ఆ బియ్యంలో రాసింది గివెన్ నేమ్. ‘పిల్లాడికి పేరేం పెట్టారు?’ అని అడుగుతాం గానీ ‘ఇంటిపేరేం పెట్టారు?’ అని గోదావరికి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా ఎవరూ అడగరు. అది బిడ్డకన్నా ముందే ఆ ఇంట్లో ఉంది. ‘ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు’ అన్న సామెతలో కూడా కస్తూరి పక్కన ‘వారు’ చేరడం గమనించాలి. బహువచనం. ఒక మనిషిది కాదు, కొంప మొత్తానిది. కాబట్టి తాత్పర్యం ఇది: పెట్టిన పేరు గివెన్ నేమ్, పెట్టకుండానే వచ్చింది సర్‌నేమ్. ముందుందా వెనకుందా అన్నది అప్రస్తుతం.

అలా కాదని స్థానం పట్టుకుని వేళ్లాడితే ఏమవుతుందో టీకాకారుల కులగురువు దగ్గరే మొదలుపెట్టి చూడొచ్చు. కాళిదాసుకి వ్యాఖ్య రాసిన కోలాచల మల్లినాథసూరి తెలుగువాడు. కోలాచలం ఇంటిపేరు, సూరి అన్నది పండితుడికిచ్చే బిరుదు. నెట్ సెంటర్ కుర్రాడి లెక్కన ఆయన మిస్టర్ సూరి. ఇల్లు పోయి బిరుదు మిగిలింది. ఇది పరిహాసం అనుకుంటే భీమవరం వెళ్దాం. ఇప్పుడు పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉన్న ఆ ఊళ్లోనే 1895లో యల్లాప్రగడ సుబ్బారావు పుట్టారు. అమెరికా వెళ్లి, సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. ప్రపంచంలోని ప్రయోగశాలలన్నీ దాన్ని ‘ఫిస్కే–సుబ్బారో’ పద్ధతి అన్నాయి. ఫిస్కే అన్నది ఇంటిపేరు, సుబ్బారో అన్నది పెట్టిన పేరు. ఆ జంటపదంలో ఒక ఇల్లూ ఒక మనిషీ కలిసి కాపురం చేస్తున్నారు. శాస్త్ర సూచికల్లో యల్లాప్రగడ అంతా ‘వై’ అనే ఒక్క పొడి అక్షరానికి కుదించుకుపోయింది. 1953లో ఒక శిలీంధ్ర ప్రజాతికి ఆయన గౌరవార్థం నామకరణం చేసినప్పుడు కూడా ‘సుబ్బారోమైసిస్’ అన్నారు. కల్యంపూడి రాధాకృష్ణారావుగారి సంగతి మరీను. ఆయన 1945లో రాసిన వ్యాసం పుణ్యాన గణాంకశాస్త్రంలో ‘క్రామర్–రావు’ హద్దు స్థిరపడింది. రావు ఇంటిపేరూ కాదు, పూర్తి పేరూ కాదు, పేరు కొసన గౌరవానికి తగిలించే తోక. ఏలూరులో కాకినాడ బస్సెక్కి ‘రావుగారూ’ అని పిలిస్తే ఎంతమంది వెనక్కి తిరుగుతారో లెక్క తేలదు.

దీనిమీద పూర్వపక్షం: అయితే వాళ్లకి వచ్చిన లోటేమిటి, కీర్తి రాలేదా? వచ్చింది. మహానుభావుల పేర్లకి లోకమే సర్దుకుంటుంది. పాస్‌పోర్టు మాత్రం లోకం సర్దుకోని మామూలు జనం కోసం. తండ్రి గడిలో రావు, కొడుకు గడిలో కుమార్, కూతురి గడిలో దేవి పడితే ఒకే ఇంట్లో మూడు వంశాలు తేలతాయి. పసిపిల్లని తీసుకెళ్తున్న తండ్రి తానే తండ్రినని ఇంకో కాగితం చూపించాల్సి రావచ్చు. షేక్, సయ్యద్, మహమ్మద్ అన్న మాటలు కూడా మన జిల్లాల్లో ఇంటిపేర్లలాగే ముందు కూర్చుంటాయి. చివరి మాటకి పట్టం కడితే అక్కడా ఇదే అయోమయం.

రెండో పూర్వపక్షం కొంచెం తెలివైనది. ఎందుకొచ్చిన గొడవ, పేరంతా గివెన్ నేమ్ గడిలో పోసేసి సర్‌నేమ్ ఖాళీగా వదిలేస్తే పోలా, అలాగైనా పాస్‌పోర్టు ఇస్తారుగా అంటారు. ఇస్తారు, నిజమే. కానీ అమెరికా వీసా దగ్గరికొచ్చేసరికి ఆ పేరంతా సర్‌నేమ్‌లోకి ఎక్కి, ముందు పేరు చోట ఎఫ్.ఎన్.యు. అని పడుతుంది. ‘మొదటి పేరు తెలియదు’ అని దాని అర్థం. బియ్యంలో రాసి, చెవిలో చెప్పి పెట్టిన పేరు తెలియదట! 2022 నవంబరులో ఎమిరేట్స్ వాళ్లు ఇంకో మెట్టెక్కారు. రెండు గళ్లలో ఒక్కదాన్లోనే పేరున్న పాస్‌పోర్టుతో సందర్శక వీసా మీద వస్తే రానివ్వబోమన్నారు. కొద్ది రోజులకే, తండ్రి పేరో ఇంటిపేరో పుస్తకంలో ఇంకో పేజీలో ఉన్నా చాలని సడలించారనుకోండి. అయినా రాజోలు, మలికిపురం, నరసాపురం వైపు గల్ఫ్‌తో ముడిపడని వీధి ఉండదు. ఇంటిపనికి కువైట్, ఒమన్ వెళ్లే ఆడవాళ్లలో పది పాసవ్వనివాళ్లకి 1983 నాటి వలస చట్టం కింద ఈ.సి.ఆర్., అంటే వలస తనిఖీ తప్పనిసరి అనే అడ్డుగోడ ఎలాగూ ఉంది. దాని పక్కన ఖాళీ గడి అనే రెండో గోడ మనమే కట్టివ్వడం దేనికి?

పేరు ఏ గడిలో పోసినా చోటు కూడా ఉండాలిగా. పుస్తకంలో ఫొటో కింద బాణం ములుకుల గుర్తులతో రెండు వరసలు ఉంటాయి, యంత్రం చదువుకోవడానికి. వరసకి 44 అక్షరాలు. మొదటి వరసలో పత్రం రకానికీ దేశానికీ 5 పోతే పేరుకి మిగిలేవి 39. మన జిల్లాల్లో ఇంటికొకరికి ఉండే అన్నవరం స్వామి పేరే తీసుకోండి. వీర వేంకట సత్యనారాయణ అన్నది ఇంగ్లీషులో 25 అక్షరాలు, నడుమ ఖాళీలు 2, ఇంటిపేరుకీ పేరుకీ మధ్య గట్టు 2. ఇక ఇంటిపేరుకి దక్కేవి 10. యల్లాప్రగడకే 12 కావాలి! కొసన మూర్తిని కూడా చేర్చుకున్నవాడి గతి చెప్పక్కర్లేదు. ఇంతకీ ఆ వరసకి నిబంధన రాసిన అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థవారి 9303 పత్రం ‘చివరి పేరు’ అని ఎక్కడా పట్టుబట్టలేదు. ప్రాథమికం, ద్వితీయం అని రెండు భాగాలు చేసి, ఏది ప్రాథమికమో తేల్చుకునే పని పాస్‌పోర్టు ఇచ్చే దేశానికే వదిలింది. చైనావాళ్లూ, హంగరీవాళ్లూ మనలాగే ఇంటిపేరు ముందు చెప్పుకుంటారు. దాన్నే సర్‌నేమ్ గడిలో నింపుకుని నిశ్చింతగా తిరుగుతున్నారు.

మూడో పూర్వపక్షం దులిపేసుకుంటే పోయేది కాదు. పెట్టకుండా వచ్చిందే సర్‌నేమ్ అయితే, పెళ్లితో ఇంటిపేరు మారే ఆడపిల్ల సంగతేమిటి? దత్తత వెళ్లిన మగవాడి సంగతేమిటి? ఇక్కడ నిర్వచనాన్ని కొంచెం సడలించక తప్పదు: వచ్చింది, లేదా వెళ్లిన చోట దొరికింది అని. మాటలోనే ఉంది, అది ఇంటి పేరు, రక్తం పేరు కాదు. ఇల్లు మారితే మారడం మన ఆచారం. శాస్త్రం మాత్రం నిర్బంధించదు. పెళ్లయినంత మాత్రాన పాస్‌పోర్టులో పేరు మార్చుకోనక్కర్లేదని 2017 ఏప్రిల్లో ప్రధానమంత్రే ప్రకటించారు. పుట్టింటిదా మెట్టినింటిదా అన్నది ఆవిడ ఇష్టం. ఏది రాసినా సూత్రభంగం లేదు. రెండూ కాకుండా కుమారో లక్ష్మో వచ్చి కూర్చున్నప్పుడే భంగం. అమెరికా ఉపాధ్యక్షుడి భార్య ఉషా చిలుకూరి వాన్స్ పూర్వీకులది తణుకు దగ్గరి వడ్లూరు. ఆమె పేరు ఎక్కడ కనిపించినా మనవాళ్లు ‘మనమ్మాయే’ అని పోల్చుకునేది పేరు నడుమ మిగిలిన ఆ ఇంటిపేరు చూసే. చివర్లో ఉండనక్కర్లేదు, ఉంటే చాలు.

ప్రసంగవశాత్తూ, ‘మీకు వేరే పేర్లేమైనా ఉన్నాయా’ అనే గడి గురించి ఒక మాట. నరసాపురంలో పుట్టిన సత్తిరాజు లక్ష్మీనారాయణ లోకానికి బాపు. ఆ గడి అటువంటివారి కోసం. ఇంట్లో బుజ్జి, పండు, అబ్బులు అంటారని నిజాయతీగా రాయబోయేవారు కలం దించవచ్చు.

పదో తరగతి సర్టిఫికెట్లో పేరంతా ఒకే వరసలో ఉంటే ఎక్కడ విడగొట్టాలీ అనేవాళ్లకి కొత్తగా చెప్పేదేమీ లేదు. అందులో మొదటి మాట సాధారణంగా ఇంటిపేరే. దాన్ని తీసి సర్‌నేమ్‌లో పెట్టి, మిగతాదంతా, తోకతో సహా, గివెన్ నేమ్‌లో రాయండి. సేవా కేంద్రంలో ఫొటో, వేలిముద్రలు తీసుకునే ‘ఏ’ కౌంటర్ దగ్గర మీవైపు ఒక తెర తిప్పి ఉంటుంది. దానిమీద సర్‌నేమ్ ఎదురుగా బియ్యంలో రాసిన పేరు కనిపిస్తే అప్పుడే నోరు విప్పండి. ‘సీ’ కౌంటర్ దాటి పుస్తకం అచ్చయ్యాక దిద్దుకోవాలంటే మళ్లీ దరఖాస్తు, మళ్లీ 1500.